నురగ గోడల గది

మా బాపు ముప్పై ఏళ్లకు పైగా రాయి కొట్టాడు. ఆలేరు అవతల ఉన్న మా ఊరి చుట్టూ గుట్టలే. మా తాతకు గుంట భూమి లేదు, బాపుకూ లేదు. ఆ గుట్టలే మాకు అన్నం పెట్టాయి. పొలాల గట్ల మీద పాతే రాతి కడీలు, గుమ్మాల ముందు పరిచే బండలు, పునాదుల్లో వేసే గుండ్లు, ఏది కావాలన్నా ఊళ్లోవాళ్లు మా వాకిట్లోకి వచ్చి బాపును అడిగేవాళ్లు. ఆయన గుండు మీద సుత్తెతో రెండు మూడు చోట్ల మెల్లగా తట్టి, తల వంచి వినేవాడు. తర్వాత ఒకచోట ఉలి పెట్టేవాడు. రాయి సరిగ్గా అక్కడే విడిపోయేది.

అలాంటి మనిషి కూతురినైన నేను నురగతో ఇటుకలు చేసే కంపెనీలో చేరాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా సివిల్ డిప్లొమా అయిపోయింది. భువనగిరి దాటాక, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలగా, ఒక రేకుల షెడ్డులో తేలిక ఇటుకలు చేసే కంపెనీ పెట్టారు. అందులో పరీక్షలు చేసే గదిలో నాకు పని దొరికింది. గది అంటే ఒక బల్ల, ఒక తూకం, ఇటుకను నొక్కి విరిచే ఒక యంత్రం, అంతే. అక్కడి మేనేజరు సారుది మహబూబ్‌నగర్ వైపు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. మొదటి రోజే నన్ను నురగ యంత్రం దగ్గరికి తీసుకుపోయి బకెట్ నిండా తెల్లటి నురగ పట్టాడు. ఆ బకెట్‌ను రెండు చేతులతో ఎత్తి తన తల మీద బోర్లించాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నురగ కింద పడలేదు.

"గిట్ల నిలవాలె అమ్మా. జారి పడ్డదంటె ఆ నురగ పనికి రాదు," అన్నాడు.

సిమెంటు, కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిద, నీళ్లు కలిపి ముందు చిక్కటి జావ చేస్తారు. అందులోకి ఈ నురగను వదిలి తిప్పి, అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డాక లోపల లెక్కలేనన్ని చిన్న బుడగల గాలి మిగిలిపోతుంది. అందుకే అది మామూలు కాంక్రీటు బరువులో మూడో వంతే తూగుతుంది. బుడగలు చిన్నగా, ఒకే తీరుగా, దేనికది విడిగా ఉంటే ఆ ఇటుక ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు, నీళ్లు తక్కువ తాగుతుంది, దాని బరువుకు తగిన బలం చూపిస్తుంది. బుడగలు కలిసిపోయి పెద్ద తొర్రలైతే ఈ మూడు గుణాలూ పోతాయి. నా పనంతా ఆ బుడగలకు కాపలా కాయడమే.

మొదటి నెలలోనే ఒక ముక్క ఇంటికి తెచ్చాను. అరచేయంత ముక్క. అమ్మ బియ్యం కడిగే గిన్నెలో నీళ్లు పోసి అందులో వేస్తే తేలింది. అమ్మ, అవ్వ ఇద్దరూ వంగి చూశారు. అవ్వంటే మా బాపు తల్లి. బాపు మంచం మీద నుంచే చూశాడు.

"నీళ్లల్ల తేలేది కట్టె, మునిగేది రాయి. ఇదేంది బిడ్డా, రెండిట్ల ఏదీ గాదు," అన్నాడు.

"లోపల గాలి బుడగలున్నయి బాపు. దాంతోని తేలుతాంది."

అమ్మ మాత్రం ముక్కను వేలితో ముంచి వదిలి, మళ్లీ ముంచి వదిలి, "గారెల పిండి లెక్కనా?" అని అడిగింది. మినప్పిండి రుబ్బాక ఆమె ఎప్పుడూ చిన్న ఉండను నీళ్లలో వేసి చూసేది. తేలితే గారెలు గుల్లగా వస్తాయి, మునిగితే ఇంకాసేపు గిలకొట్టాలి. నేను మూడేళ్లు చదివి, నెల రోజులు పని చేసి నేర్చుకున్నది అమ్మ ఒక్క మాటలో పట్టేసింది. అప్పటి నుంచి కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు నేను గారెల పిండితోనే మొదలు పెడతాను.

ఆ ఎండాకాలంలో నాకు మొదటి దెబ్బ తగిలింది. మధ్యాహ్నం పోసిన మాలు సాయంత్రానికి అచ్చుల్లో కుంగిపోయింది. పొద్దున పోసినవి అంచుల దాకా నిండుగా ఉన్నాయి. మధ్యాహ్నానివి నాలుగు వేళ్ల లోతు దిగిపోయి, పైన చెదలు తిన్నట్టు గుంటలు పడ్డాయి. మరుసటి రోజూ అంతే. పోసే ముందు తూకం వేసేది నేనే కాబట్టి తప్పు నాదేనని అందరూ అనుకున్నారు. ఎవరూ పైకి అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మూడో రోజు నేను అన్నం తినకుండా ఒక్కొక్కటీ చూస్తూ పోయాను. సిమెంటు అదే, బూడిద అదే, తిప్పే సమయం అదే. చివరికి చేతులు కడుక్కుందామని కొళాయి తిప్పితే నీళ్లు కాలాయి. షెడ్డు మీద ఉన్నది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. మధ్యాహ్నానికి అందులోని నీళ్లు స్నానానికి కాచినట్టు అవుతున్నాయి. ఆ వేడి నీళ్లలో నురగ నిలవడం లేదు, గట్టిపడే లోపే బుడగలు పగిలిపోతున్నాయి. సారుకు చెప్పాను. ఆయన వెళ్లి కొళాయి కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మరుసటి రోజుకు ట్యాంకు మీద పందిరి వేశారు, చుట్టూ తడి గోనెసంచులు కట్టారు. ఇటుకలు మళ్లీ అంచుల దాకా నిలిచాయి.

"యంత్రాలన్నీ చూసినం గని నీళ్లను చూడలేదు," అన్నాడు సారు. ఆ మాటతో నా మీద ఉన్న అనుమానం పోయింది.

తర్వాత కంపెనీ గోడ పలకలు కూడా చేయడం మొదలుపెట్టింది. రెండు వైపులా పలుచటి సిమెంటు రేకులు, నడుమ నురగ సిమెంటు, అందులో ఆవగింజల కంటే కాస్త పెద్దవైన థర్మకోల్ పూసలు. నిలువెత్తు కంటే పొడుగైన ఆ పలకను ఇద్దరు మనుషులు మోసుకుపోగలరు. పక్కపక్కన నిలబెట్టి అతికిస్తే గోడ అవుతుంది. ఇంటి పైన ఇంకో గది వేసుకునేవాళ్లు, కోళ్లఫారం వాళ్లు, ఆఫీసుల్లో అడ్డు కట్టుకునేవాళ్లు కొనుక్కుపోయేవాళ్లు.

అప్పుడే మా తమ్ముడికి పెళ్లి కుదిరింది.

మాది రెండు గదుల ఇల్లు. బాపు తన చేతులతో కొట్టిన రాయితో, మట్టి అడుసుతో కట్టిన గోడలు. చాలా ఏళ్లకు పైన పలుచటి స్లాబు వేయించాడు. అందులో బాపు, అమ్మ, అవ్వ, తమ్ముడు, నేను ఉండేవాళ్లం. వచ్చే మరదలికి ఒక గది కావాలి. పక్కన జాగా లేదు, పైన వేయాల్సిందే. బాపు తనకు తెలిసిన మేస్త్రిని పిలిపించాడు. ఆయన ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, మూల దగ్గర గోడను గోరుతో గీకి మట్టి రాల్చి చూపించాడు.

"అన్నా, నువ్వు కట్టిన గోడకు నేను వంక పెట్ట. కని ఇది మట్టి అడుసు. స్లాబే దీనికి ఎక్కువ. మీద ఇటుక గది కడితె ఇది మొయ్యదు. నేనైతె కట్ట," అన్నాడు.

తను కట్టిన గోడ మోయలేదని ఒకరు అనడం బాపు ఎన్నడూ వినలేదు. ఆ సాయంత్రం ఇంటి వెనక కూర్చుని గోడ రాళ్లను చూస్తూ ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మా కంపెనీ పలకలతోని వేద్దాం బాపు. ఇటుక గోడ బరువుల నాలుగో వంతే ఉంటది."

"నురగతోని ఇల్లు కట్టుమంటవా?"

"నురగ కాదు, సిమెంటే."

"బరువుంటెనే బలం బిడ్డా. బరువు లేనిది గాలికి పోతది. నీ మరదలు పండుకున్నప్పుడు గోడ పడితె ఎవరు జవాబు చెప్పాలె?"

నాకు కోపం రాలేదు. ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. "వచ్చి చూడు. నీ చేత్తోనే కొట్టి చూడు. పనికి రాదంటె మళ్ల ఆ మాట ఎత్త," అన్నాను.

సారును అడిగితే తప్పకుండా తీసుకురమ్మన్నాడు. బాపు ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, సమ్మెటను గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాడు. సమ్మెటెందుకని కండక్టరు అడిగితే, "పరీచ్ఛ ఉన్నది," అని చెప్పాడట.

షెడ్డు ముందు ఒక పలకను గోడకు ఆనించి నిలబెట్టారు. పనివాళ్లు చుట్టూ చేరారు. బాపు ముందు పలకను అరచేత్తో నిమిరాడు. తర్వాత సమ్మెట ఎత్తి ఒక్కటి వేశాడు. పలక మీద రేకు పగిలి, సమ్మెట తల నురగ సిమెంటులోకి దిగిపోయింది. బయటికి లాగితే తెల్లటి పూసలు రాలాయి. బాపు నా ముఖం చూశాడు. గెలిచినవాడి ముఖం కాదు ఆయనది. కూతురి పరువు నలుగురిలో తీసినందుకు నొచ్చుకున్నట్టు ఉన్నాడు.

సారు మాత్రం తల ఊపాడు. "ఇట్ల పగులుతదని మాకు ఎరికే అన్నా. ఇది రాయి గాదు. సమ్మెటతోని కొడితె రాయే గెలుస్తది. ఇగ నేనొకటి చూపిస్త, చూడు."

రెండు ఇటుక దిమ్మెల మీద ఇంకో కొత్త పలకను వంతెనలా అడ్డంగా పెట్టించాడు. ముగ్గురు పనివాళ్లు ఎక్కి దాని నడుమ నిలబడ్డారు. పలక కొంచెం వంగింది, విరగలేదు. సారు కూడా చెప్పులు విడిచి ఎక్కాడు. నాలుగు నిమిషాలు అలాగే నిలబడి మాట్లాడుకున్నారు. దిగాక పలక మళ్లీ తిన్నగా అయింది.

బాపు పలక పక్కన కూర్చుని, వంగి దాని కింది వైపు చూశాడు. "ఇంత మందం బండను గిట్ల అడ్డం పెట్టి నలుగురెక్కితె ఏమైతదో జెప్పలేం," అన్నాడు మెల్లగా. "కడీ నిలబెడితె ఎంత బరువైనా మోస్తది. అడ్డం పెడితె నడుమ ఇరుగుతది. నేను ఎన్ని ఇరగ్గొట్టిన్నో."

"ఎందుకు ఇరుగుతది బాపు?" అన్నాను. జవాబు నాకు తెలుసు, కాని ఆయన నోటితో వినాలనిపించింది.

ఆయన రెండు చేతులతో గాల్లో ఒక కడీని పట్టుకున్నట్టు పట్టి వంచాడు. "పైన ఒత్తుకుంటది. కింద గుంజుకుంటది. రాయికి ఒత్తుడు తెలుసు, గుంజుడు తెల్వది. కింద పర్రె పెట్టి పలుగుతది."

అదే మాటను మా పుస్తకంలో రెండు పేజీల లెక్కలతో చెప్పారు. పలకలో ఆ గుంజుడును కింది రేకు పట్టుకుంటుందని, ఒత్తుడును పై రేకు పట్టుకుంటుందని, నడుమ ఉన్న నురగ సిమెంటు ఆ రెండింటినీ దూరంగా, కదలకుండా నిలబెడుతుందని చెప్పాను. నడిమిది బలంగా ఉండనక్కర లేదు, రెండు రేకులనూ విడిపోనివ్వకుంటే చాలు. బాపు అంతా విన్నాడు. సమ్మెటను మళ్లీ గోనెలో చుట్టుకున్నాడు.

బస్సులో ఇంటికి వస్తుంటే, "మీ సారు మంచోడు. పలిగినా దాస్తలేడు," అన్నాడు. ఆయన ఒప్పుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

నాకు చదువు చెప్పిన పాలిటెక్నిక్ సారు ఒక ఆదివారం వచ్చి ఇల్లంతా కొలిచాడు. మూల దగ్గర తవ్వించి పునాది చూశాడు. కింది గోడల మీదుగానే చుట్టూ సన్నటి కాంక్రీటు పట్టీ పోసి, దాని మీద ఇనుప పైపుల చట్రం నిలబెట్టి బోల్టులతో బిగించమన్నాడు. బరువు స్లాబు నడుమ పడొద్దు, గోడల మీదే పడాలని, పైకప్పుకు కూడా నడుమ నురగ ఉన్న రేకులే వేయమని చెప్పాడు. పునాది చూశాక బాపుతో ఒక మాట అన్నాడు. "రాళ్లు మంచిగ పేర్చినవు. అడుసే బలహీనం." ఆ మాట బాపు తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

పలకలు వచ్చిన రోజు పొద్దున్నే వీధి వీధంతా వాకిట్లో నిలబడింది. ట్రాక్టరు మీద నుంచి దింపి, మెట్లు లేవు కాబట్టి, చెక్క నిచ్చెన మీద జార్చుకుంటూ పైకి లాగాలి. తమ్ముడు, అతని స్నేహితులు పైన ఉన్నారు. కింద ఒక పలకకు ఒక చివర నేను పట్టుకుంటే రెండో చివర బాపు పట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను గుట్ట దగ్గరికి సద్ది తీసుకుపోతే ఆయన నన్ను చిన్న రాయి కూడా ముట్టనిచ్చేవాడు కాదు. కాలి మీద పడుతుందని చెట్టు కింద కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు ఇద్దరం ఒకే బరువును ఎత్తాం. ఆయన కుడి భుజం సమ్మెట కొట్టీ కొట్టీ ఎప్పుడో పాడైపోయింది, ఎడమ వైపు మోపుకుని నడిచాడు.

"బరువైతుందా బాపు?"

"బరువా? మంచం మోసినట్టున్నది," అన్నాడు. నాలుగు అడుగులు వేశాక, "నా తీరుగ ఎవ్వరూ మొయ్యద్దు బిడ్డా. గిదే మంచిది," అన్నాడు.

పలకను నిచ్చెనకు ఆనించి, తర్వాతి దాని కోసం వెనక్కి తిరిగాం.

పది పన్నెండు రోజుల్లో గది, పైకి ఇనుప మెట్లు అయ్యాయి. తమ్ముడి పెళ్లి చర్చిలో జరిగింది, మరదలు ఆ గదిలోకి వచ్చింది. ఆమె హాలియా వైపు అమ్మాయి. కాలువ నీళ్ల ఊరు, పచ్చటి పొలాలు చూసి పెరిగింది. మా గుట్టల ఎండ ఎట్లా తట్టుకుంటుందోనని అమ్మకు ఫికరు. మార్చి దాటింది, ఏప్రిల్ వచ్చింది. మా కింది గదుల్లో స్లాబు వేడి సాయంత్రానికి నెత్తి మీదికి దిగేది. పైన ఎండ నేరుగా పడే గది మాత్రం ఓర్చుకోగలిగేలా ఉండేది. నేను ఒక ఆదివారం రెండు చోట్లా వేడి కొలిచే గొట్టం పెట్టి చూశాను. అమ్మకు ఆ అంకెలతో పని పడలేదు. అప్పటికే మధ్యాహ్నం అన్నం తినగానే అవ్వ తప్ప ఇంట్లోవాళ్లందరూ ఒకరి వెనక ఒకరు పైకి చేరుతున్నారు. మెట్లు ఎక్కలేని అవ్వ ఒక్కతే కింద మిగిలిపోయి, "మంచిగున్నది మీ పని," అని దెప్పేది.

"వదినా, ఇది మా గదేనా, అందరి గదా?" అని మరదలు నవ్వుతూ అడిగింది. కొన్నాళ్లకు బాపు తలుపు దగ్గర ఆగి దగ్గి, పిలిచాకే లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు.

అన్నీ బాగున్నాయని చెప్పను. మేకు కొడితే నిలవదు, పూసలతో సహా ఊడి చేతికి వస్తుంది. బట్టలు తగిలించుకునే కొయ్యకు, అద్దానికి ప్లాస్టిక్ గుల్ల దిగేసి మర బిగించాలి. గాలివానకు రేకుల మీద పడే చినుకుల చప్పుడుకు మాట వినబడదు. కిటికీ అంచు నుంచి మొదటి వానలోనే నీళ్లు కారాయి. ఆ ఎండాకాలం చివర్లో పలకలు అతికిన చోట వెంట్రుకంత సన్నటి పర్రెలు కనిపించాయి. ముందు చూసింది బాపే. నన్ను పైకి పిలిచి, వేలితో చూపించాడు.

అవి ప్రమాదమైనవి కాదు. ఎండకు పలకలు కాస్త సాగి, చల్లబడి ముడుచుకుంటే అతుకు దగ్గర తెలుస్తుంది. అయినా నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున చాయ్ తాగుతూ కింద అవ్వకు చెప్పాను. ఆమెకు పైన ఏం కట్టామో సగమే తెలుసు.

"గడ్డి కలిపిన్రా?" అని అడిగింది.

"గడ్డేంది అవ్వా?"

"మట్టిగోడకు ఒట్టి మట్టి పెడితె ఎండకు పర్రెలు పెడుతది. వరిగడ్డి కోసి మట్టిల కలిపి తొక్కితె పట్టుకుంటది. ఆ సంగతి మీ చదువుల చెప్పలేదా?"

చెప్పారు. పీచు వేస్తే పగుళ్లు ఆగుతాయని చదివి, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని మా ఇంటి గోడ దగ్గర అది గుర్తు రాలేదు. అతుకుల మీద గాజు పీచుతో అల్లిన జాలి పట్టీ అంటించి, పైన సాగే గుణం ఉన్న పూత వేశాం. పర్రెలు మళ్లీ రాలేదు.

అవ్వ మాట సారుకు చెబితే, అంచులు తొందరగా పెచ్చులు రాలుతున్న మా ఇటుకల్లో కూడా పీచు వేసి చూడమన్నాడు. మా వైపు తాటిచెట్లకు కొదవ లేదు కదా అని నేను తాటి పీచు కత్తిరించి కలిపాను. మొదట్లో ఇటుక బాగా నిలిచింది. కింద పడేస్తే రెండు ముక్కలుగా పోకుండా పట్టుకుని ఉంది. నేను చాలా సంబరపడ్డాను. కొన్ని నెలలు పోయాక అవే ఇటుకలను విరిచి చూస్తే పీచు నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. సిమెంటులోని ఘాటు దాన్ని తినేసింది. చివరికి సన్నటి ప్లాస్టిక్ పీచు వేసి చేశాం, అది నిలిచింది. అవ్వకు ఈ సంగతి చెబితే, "పీచు దండుగైంది గద," అని తాటి పీచు గురించే బాధపడింది.

బాపు కంపెనీకి రెండోసారి వచ్చింది నాకు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి. తిరిగి పోతూ, ఆరబెట్టిన ఇటుకల వరుసల మధ్య నడుస్తూ ఉన్నాడు. సుత్తె లేదు, వేలి కణుపుతోనే ఒక్కొక్కదాన్ని తట్టి వింటున్నాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు.

"ఇది, ఇది, కింద అది. మూడు మంచిగ లెవ్వు."

"ఎట్ల తెలుసు?"

"వీటన్నిటికి ఒక్క తీరు సప్పుడు. ఈ మూడింటికి తడిసిన డప్పు సప్పుడు."

ఆ మూడింటినీ, వాటితో పాటు ఆయన బాగున్నాయన్న మూడింటినీ తీసుకుపోయి యంత్రంలో పెట్టాను. ఆయన వద్దన్నవే ముందు విరిగాయి. విరిగిన ముఖాలు చూస్తే లోపల బుడగలు కలిసిపోయి తొర్రలు ఉన్నాయి. సారు ఆ ముక్కలను బల్ల మీద వరుసగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. యంత్రంతో రోజుకు కొన్నింటినే విరిచి చూడగలం, మిగతావి నమ్మకం మీద పోతాయి. బాపు చెయ్యి అన్నింటినీ ముట్టుకోగలదు.

అలా మా బాపు మా కంపెనీలో చేరాడు. నాకంటే ఎక్కువ గౌరవం ఆయనకే దొరికింది. పనివాళ్లు ఆయనను పెద్దాయనా అని పిలిచేవాళ్లు. ఆయన వరుసల మధ్య నడిచి, తట్టి, పనికి రానిదాని మీద సుద్దముక్కతో అడ్డగీత గీసేవాడు. ఒకటి రెండుసార్లు తప్పు కూడా చెప్పాడు. లోపల ఇంకా తడి ఉన్న మంచి ఇటుకకు కూడా అలాంటి చప్పుడే వస్తుందని మాకు అప్పుడే తెలిసింది. పూర్తిగా ఆరాకే తట్టాలని ఆయనే నియమం పెట్టుకున్నాడు. పొద్దున ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్లం. కిటికీ పక్కన ఆయన, ఆయన పక్కన నేను. భువనగిరి గుట్ట కనబడగానే రోజూ, "ఎంత పెద్ద గుండు. ఎక్కడ ఉలి పెట్టాలె దీనికి," అనేవాడు.

కోతలయ్యాక చేరినవాడు వానలు పడగానే మానేశాడు. సారు ఇంటికి వచ్చి అడిగినా వినలేదు. "మీ ఇటుకలన్నీ ఒక్క తీరుగ ఉంటున్నయి సారూ. ఇప్పుడు చెడ్డవి దొరుకుతలేవు. దినమంత తట్టినా ఒక్క సప్పుడే. నాకు తోస్త లేదు," అన్నాడు. మా పని బాగుపడటం వల్ల ఆయన పని పోయింది. దానికి ఆయన ఏమీ బాధపడలేదు. నాలుగు మేకలు పెంచుకుంటూ గుట్ట చుట్టూ తిరుగుతున్నాడు.

ఇప్పుడు పరీక్షల గది నా చేతిలో ఉంది, నా కింద ఇద్దరు పని చేస్తున్నారు. మా పలకలు మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు కూడా పోతున్నాయి. పాత బడి కట్టడం మీద అదనపు గదులు వేస్తే చూసి రమ్మని సారు ఒకటి రెండుసార్లు నన్ను పంపాడు. ప్రతి చోటా ఎవరో ఒక పెద్దమనిషి పలకను తట్టి, నన్ను అనుమానంగా చూస్తాడు. సమ్మెట తెచ్చుకోమని చెప్పాలనిపిస్తుంది కాని చెప్పను. పలకను అడ్డంగా పెట్టి ఎక్కి నిలబడతాను.

పోయిన ఏడు అవ్వ నన్ను ఒక పని అడిగింది. మా వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన చాలామంది ముసలివాళ్లలాగే ఆమె మోకాళ్లు వంగిపోయాయి. నేల మీద కూర్చుంటే లేవలేదు. కుర్చీ ఎత్తు ఎక్కువ. కట్టె పీట ఎత్తు చాలదు. బాపు ఎప్పుడో చేసిచ్చిన రాతి దిమ్మె సరైన ఎత్తే కాని దాన్ని జరపాలంటే ఇద్దరు కావాలి.

"మీ కంపెనీల నాకొక దిమ్మె చేసి తే. నేనే ఎత్తుకపోయేటట్టు ఉండాలె," అంది.

మొదట చేసింది బాగా రాలేదు. తేలిక కావాలని నురగ ఎక్కువ వేశాను, పది రోజులకే అంచులు రాలి ఆమె చీరకు బూడిద అంటింది. రెండోదానికి నురగ తగ్గించి, పీచు కలిపి, చుట్టూ జాలి చుట్టి పలుచగా సిమెంటు పూత వేశాను. పట్టుకోవడానికి పైన నాలుగు వేళ్లు దూరేంత సందు వదిలాను. సారు చూసి, ఇదేం ఆర్డరని అడిగాడు. మా అవ్వకని చెబితే అంచులు గుండ్రంగా చేయమన్నాడు, గుచ్చుకుంటాయని.

అవ్వ దాని మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చూసింది. బాపు వచ్చి వేలితో తట్టి, "మంచిగనే ఉన్నది," అన్నాడు. మరదలు దాని మీద పాత దుప్పటి మడత వేసింది.

ఆ వారంలోనే పక్కింటి ముసలమ్మ ఒకటి కావాలని అడిగింది, తర్వాత ఎదురింటి ఆమె. అచ్చుల్లో మిగిలిన మాలుతో శనివారాలు ఒకటి రెండు పోస్తున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా వీధిలో ముసలివాళ్లు నలుగురు, ఎవరి దిమ్మె వాళ్లు చేత పట్టుకుని, ఎండ ఎటు వస్తే దానికి రెండో పక్కకు జరుగుతూ ఉంటారు. పొద్దున ఇళ్లకు పడమటి పక్క నీడలో, సాయంత్రం తూర్పు పక్క నీడలో. జరపమని ఎవరినీ పిలవరు.